పిల్లల బండి, పెద్దల పేచీ

ఇంగ్లిష్ నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ కొన్నాళ్లు లండన్‌లో ఉండి సొంతూరు లిచ్‌ఫీల్డ్‌కు తిరిగొస్తే, వాళ్లమ్మ ఒక మాట అడిగిందట: వీధిలో నువ్వు గోడవైపు వదిలి తప్పుకునే రకమా, గోడ పట్టుకుని కదలని రకమా అని. జాన్సన్ చెప్పిన ఈ ముచ్చటను ఆయన జీవితచరిత్రకారుడు బాస్వెల్ రాసి పెట్టాడు. ఆ తల్లి అలా అడగడానికి కారణం ఉంది. ఆనాటి లండన్‌లో చాలా వీధుల్లో మురుగు నడిమధ్యన పారేది. బండ్లు చిమ్మే బురద, మేడ కిటికీల్లోంచి కుమ్మరించే నీళ్లు, వీటన్నిటి నుంచీ కాస్తో కూస్తో కాపాడేది గోడ పక్కనున్న మూరెడు జాగా. ఆ జాగాను ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, హోదా ఉన్నవాళ్లకు వదలాలి. మరి ఇద్దరిదీ ఒకటే హోదా అయితే? అక్కడే మాటామాటా పెరిగి కత్తుల దాకా పోయేది. ‘రోమియో అండ్ జూలియట్’ మొదటి రంగంలోనే ఒక నౌకరు గోడ విషయంలో తాను ఎవరికీ తగ్గనని బీరాలు పలుకుతాడు. 1716లో జాన్ గే అనే కవి లండన్ వీధుల్లో నడిచే కళ మీద ఏకంగా ఒక కావ్యమే రాశాడు. గోడ ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వనక్కర్లేదో అందులో ఉంటుంది.

ఈ తగవు మర్యాద పాఠాలతో తీరలేదు. 1762లో వెస్ట్‌మినిస్టర్ పేవింగ్ చట్టం వచ్చాక తీరడం మొదలైంది. మురుగు కాలువలు నడి వీధి నుంచి పక్కకు జరిగాయి. నడిచేవాళ్ల కోసం బండరాళ్లు పరిచిన బాట, దానికో అంచు రాయి ఏర్పడ్డాయి. గోడ పక్కన నడిచినా అంచున నడిచినా బట్టలు పాడవని రోజు వచ్చేసరికి, గోడ కోసం కొట్లాడేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు అందరూ కుడివైపు నడుస్తున్నారు, ఆ పేచీయే లేదు అని పెద్దతనంలో జాన్సనే అన్నాడు.

ఆ శాంతి వందేళ్లు కూడా నిలవలేదు. చక్రాలున్న ఒక కొత్త వస్తువు కాలిబాట ఎక్కింది.

అది పుట్టింది మాత్రం వీధిలో కాదు. 1733 ప్రాంతంలో విలియం కెంట్ అనే ఉద్యానవన శిల్పి డెవన్‌షైర్ మూడో డ్యూక్ పిల్లల కోసం ఒక బండి చేశాడు. గవ్వ ఆకారంలో కూర్చునే చోటు, కుదుపు తెలియకుండా స్ప్రింగులు, చట్రం మీద ఆ వంశపు చిహ్నమైన పాము. లాగడానికి మేకనో పొట్టి గుర్రాన్నో కట్టేలా జీను కూడా ఉంది. ఎకరాలకు ఎకరాలు సొంత తోట ఉన్నచోట పిల్లలు మేక బండి మీద తిరిగితే అడ్డం వచ్చేదెవరు? అందుకే ఆ బండి గురించి ఎవరూ ఫిర్యాదు చేసినట్టు చరిత్రలో లేదు. ఆ తర్వాత చాలాకాలం పిల్లల బండి అంటే కలవారి ఇళ్ల ఆటవస్తువే. మనిషి లాగినా జంతువు లాగినా అది వెనక వచ్చేదే. దాంతో ఒక చిక్కుంది. లాగేవాళ్ల చూపు ముందుకు, పిల్ల వెనక్కి. బండిలోంచి పిల్ల జారి పడినా నాలుగడుగులు పోయాక గానీ తెలియదు.

దీన్ని తిరగేసినవాడు చార్లెస్ బర్టన్. చేతిపిడిని వెనక్కి మార్చి, లాగే బండిని నెట్టే బండిగా చేశాడు. 1853లో లండన్‌లో పేటెంట్ తీసుకుని, ‘పెరాంబులేటర్’ (పొట్టిగా ‘ప్రామ్’) పేరుతో అమ్మాడు. మొదట న్యూయార్క్‌లో ప్రయత్నించాడనీ, నడిచేవాళ్లకు తగులుతోందని అక్కడ గోల పెట్టడంతో ఇంగ్లండ్ వచ్చాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానిజాలు ఎలా ఉన్నా, ఆ కథ పుట్టడంలో వింతేమీ లేదు. ఎందుకంటే బండిని తిప్పి పెట్టడంతో పిల్లకు మేలు జరిగింది, ఎదుటివాడి కాళ్లకు కీడు జరిగింది. నెట్టే మనిషి చూపు పిల్ల మీద ఉంటుంది. చక్రం ఆ చూపు కంటే నాలుగడుగులు ముందుంటుంది. ముందు నడిచేవాడి మడమ ఆ నాలుగడుగుల మధ్యలో పడుతుంది. నేటికీ పిల్లల బండి మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి.

చట్టం సంగతి ఇంకా సరదా. ఇంగ్లండ్‌లో 1835 నాటి హైవే చట్టం కాలిబాట మీద ఏ రకమైన బండినీ నడపరాదంది. మరి పసిబిడ్డను కూర్చోబెట్టి ఆయా నెట్టుకుపోయేది బండి అవునా, కాదా? తొలినాటి పెరాంబులేటర్లు చాలావాటికి మూడే చక్రాలు ఉండేవి. నాలుగు చక్రాలుంటే పోలీసు దాన్ని బండి కింద లెక్క కట్టి దింపేస్తాడన్న భయమే కారణమని ప్రామ్‌లు సేకరించేవాళ్లు చెబుతారు. ఇద్దరు ఆయాలు పక్కపక్కన బండ్లు పెట్టుకుని, కబుర్లలో పడి బాటంతా ఆక్రమిస్తున్నారని పెద్దమనుషులు విసుక్కునేవారు. ‘పంచ్’ లాంటి హాస్య పత్రికలకు కొన్నేళ్లపాటు ఇది తరగని సరుకు. గమనించండి: ఆ కోపం ఆయాల మీద. బండి కొని ఇచ్చిన యజమానురాలి మీద కాదు. గోడ ఎవరు వదలాలన్న పాత లెక్కే కొత్త వేషంలో వచ్చింది.

తర్వాతి మెరుగులు కూడా ఇరుకులోంచి పుట్టినవే. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన నల్లజాతి ఆవిష్కర్త విలియం రిచర్డ్‌సన్ 1889 జూన్ 18న పొందిన పేటెంట్‌లో రెండు సంగతులున్నాయి. ఒకటి, పిల్ల కూర్చునే తొట్టిని కావాలంటే బయటి లోకం వైపు, కావాలంటే నెట్టేవాళ్ల వైపు తిప్పుకోవచ్చు. పుస్తకాలన్నీ దీన్నే చెబుతాయి. నడిచేవాళ్లకు పనికొచ్చింది మాత్రం రెండోది. చక్రాలు దేనికది విడిగా తిరిగేలా ఇరుసును మార్చాడు. అంతకుముందు బండిని మలపాలంటే ముందు చక్రాలు గాల్లోకి ఎత్తి, వెనక చక్రాల మీద విసురుగా తిప్పాలి. చుట్టుపక్కల మనుషులుంటే ఇంక చెప్పేదేముంది! ఇప్పుడు చిన్న జాగాలోనే మలుపు తీసుకోవచ్చు.

ఆ మేలు ఎంతోకాలం మిగల్లేదు. 1877లోనే లీడ్స్ దగ్గర మొదలైన సిల్వర్ క్రాస్ లాంటి కంపెనీలు ప్రామ్‌ను గుర్రపు కోచ్ పనితనంతో చేయడం మొదలుపెట్టాయి. పెద్ద చక్రాలు, తోలు పట్టీల మీద ఊగే తొట్టి, మెరిసే రంగు. అది ఇంటి పరువుకు గుర్తు. కార్మికవాడల్లో మాత్రం అదే ప్రామ్ వేరే జీవితం గడిపింది. పొద్దున బిడ్డను, మధ్యాహ్నం బట్టల మూటను, సాయంత్రం బొగ్గును మోసేది. నలుగురు పిల్లలు పెరిగేదాకా ఒకే ప్రామ్ చేతులు మారేది. బస్సులోకి ఎక్కదు, మెట్లు దిగదు. అందువల్ల పసిబిడ్డ ఉన్న తల్లి లోకం ప్రామ్ నెట్టుకుంటూ వెళ్లగలిగినంత దూరం. ఆమె వల్ల ఇబ్బంది పడేది కూడా ఆ నాలుగు వీధులవాళ్లే.

ఈ పరిధిని చెరిపేసినవాడు ఓ తాతయ్య. ఓవెన్ మెక్‌లారెన్ విమానాల ఇంజినీరు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ స్పిట్‌ఫైర్ విమానం చక్రాల అమరిక మీద పనిచేసినవాడు. నార్తాంప్టన్‌షైర్‌లోని బార్బీ అనే ఊళ్లో ఉండేవాడు. విదేశం నుంచి కూతురు మనవరాలితో వచ్చింది. వెంట తెచ్చిన తోపుడు కుర్చీ బరువు, దాన్ని విమానం ఎక్కించి దించడంలో ఆమె పడ్డ పాట్లు ఆయనకు పనిచెప్పాయి. విమానం చక్రాలు కూడా గాల్లోకి లేవగానే చిన్న గూట్లోకి ముడుచుకోవాలి, దిగేటప్పుడు బరువంతా మోయాలి, మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు. జీవితమంతా చేసిన లెక్కే. సన్నని అల్యూమినియం గొట్టాలను ఎక్స్ ఆకారంలో కలిపి, వాటి మధ్య గుడ్డను ఊయలలా వేలాడదీశాడు. రెండు కదలికల్లో అది గొడుగులా ముడుచుకుపోతుంది. బరువు ఆరు పౌన్లు, అంటే మూడు కిలోలు కూడా లేదు. 1965లో పేటెంట్‌కు పెట్టి, ఇంటి దగ్గర గుర్రపుశాలలోనే తయారీ మొదలుపెట్టి, 1967లో బజారులోకి తెచ్చాడు.

దీని పేరే బగ్గీ. తల్లి ఒక చేత్తో పిల్లను, మరో చేత్తో బండిని పట్టుకుని బస్సెక్కగలిగింది. మెట్రో మెట్లు దిగగలిగింది. పిల్లల బండి కథలో ఇంతకంటే పెద్ద మలుపు ఇంకోటి లేదని నా అభిప్రాయం. కెంట్ బండి, సిల్వర్ క్రాస్ ప్రామ్ చూడముచ్చటగా ఉంటాయి, ఒప్పుకుంటాను. మెక్‌లారెన్ బండి ఒక్కటే, ఎదుటివాళ్లకు జాగా కావలసినప్పుడు తనంతట తాను చిన్నదైపోయింది.

అంతకు ముందు నుంచే, బండితో సంబంధం లేని మనుషులు నేలను మారుస్తూ వచ్చారు. అమెరికాలోని కలమజూ పట్టణంలో జాక్ ఫిషర్ అనే న్యాయవాది యుద్ధంలో దెబ్బతిని వచ్చిన సైనికుల కష్టం చూశాడు. ఆయనా మాజీ సైనికుడే, గాయపడ్డవాడే. ఆరంగుళాల అంచు రాయి చక్రాల కుర్చీకి గోడతో సమానం. ఆయన పట్టుబట్టగా, 1940ల్లో ఆ ఊళ్లో కొన్ని కూడళ్ల దగ్గర అంచును వాలుగా చెక్కి చూశారు. ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో సెల్విన్ గోల్డ్‌స్మిత్ అనే ఆర్కిటెక్టు, స్వయంగా పోలియో బాధితుడు, చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్లను ఒక్కొక్కరినీ కలిసి ఎక్కడెక్కడ చిక్కుకుపోతున్నారో అడిగి, 1960ల్లో అక్కడా అలాంటి వాలులు పెట్టించాడు. 1970ల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఎడ్ రాబర్ట్స్ తరం వికలాంగ విద్యార్థులు దీన్ని ఉద్యమంగా మార్చారు. 1990లో అమెరికా వికలాంగుల హక్కుల చట్టం దాన్ని దేశమంతటికీ తప్పనిసరి చేసింది.

వాలు ఏర్పడగానే దాన్ని అందరికంటే ఎక్కువగా వాడుకున్నవాళ్లలో పిల్లల బండ్లు నెట్టే తల్లిదండ్రులున్నారు. అడిగింది ఒకరు, అనుభవించింది ఇంకొకరు. ఇది మంచి సంగతే. కానీ దీనికి ఒక మూల్యం పడింది. చూపు లేనివాళ్లకు ఆ అంచు రాయే ఆధారం. కర్ర దానికి తగిలితే బాట అయిపోయింది, ఇక రోడ్డే అని తెలిసేది. అంచు చదునైతే తెలియకుండానే వాహనాల మధ్యకు నడిచిపోతారు. జపాన్‌లోని ఒకయామాలో సేయిచీ మియాకే 1965లో రూపొందించిన బొడిపెల పలకలు ఆ లోటును తీర్చాయి. 1967 మార్చి 18న వాటిని తొలిసారి అక్కడి అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద పరిచారు. మన మెట్రో స్టేషన్లలో కాలికి తగిలే పసుపు పలకలు వాటి వారసులే. చిన్న చక్రాల బగ్గీ, అదే స్ట్రోలర్, నెట్టేవాళ్లు వాటి మీద కుదుపు అని విసుక్కుంటారు. ఆ కుదుపు ఎవరికో ప్రాణరక్ష.

బాట నున్నబడ్డాక బండి మళ్లీ ఒళ్లు చేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యకిమాలో పత్రికలో పనిచేసే ఫిల్ బేక్లర్ 1984లో సైకిల్ చక్రాలు తగిలించి, బిడ్డతో పాటు పరుగెత్తే మూడు చక్రాల బండి చేశాడు. నెదర్లాండ్స్‌లో మాక్స్ బారెన్‌బ్రుగ్ విద్యార్థి ప్రాజెక్టుగా గీసిన బొమ్మ 1999లో బుగాబూగా అమ్మకానికి వచ్చింది. అందులో పసిగుడ్డును పడుకోబెట్టవచ్చు, రాళ్ల దారిలో నడపవచ్చు, సరుకులు వేసుకోవచ్చు. ఒక అమెరికన్ టీవీ సీరియల్‌లో కనిపించాక అది నగరాల్లో హోదా వస్తువైంది. సిల్వర్ క్రాస్ ప్రామ్ మళ్లీ పుట్టిందన్నమాట. కవలల బండ్లు, పక్కపక్కన ఇద్దరు కూర్చునేవి కూడా పెరిగాయి. 2008లో బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్‌లో ఒక బార్ స్ట్రోలర్లను లోనికి రానివ్వనంటే ఊరంతా రెండు పక్షాలైంది. 2019 మే నుంచి అమెరికాలోని డిస్నీ పార్కులు 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్లను గేటు దగ్గరే ఆపుతున్నాయి. పిల్లలతో ఓర్లాండో వెళ్లే మన తెలుగు కుటుంబాలు టేపు పెట్టి కొలుచుకుని బయలుదేరడం అందుకే.

ఈ కథంతా ఒకచోట వచ్చి గుద్దుకుంది. ఆ చోటు ఒక బస్సు. 2012 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కబోయాడు డగ్ పాలీ. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి. లీడ్స్‌లో రైలు పట్టుకుని తల్లిదండ్రుల దగ్గరకు వెళ్లాలి. చక్రాల కుర్చీకి కేటాయించిన జాగాలో ఒక తల్లి, నిద్రపోతున్న బిడ్డతో బగ్గీ పెట్టుకుని ఉంది. డ్రైవరు జరగమని అడిగాడు. బండి ముడవదు, జరగలేనంది ఆమె. తన కుర్చీనే ముడిచి మామూలు సీట్లో కూర్చుంటానన్నాడు పాలీ. దాన్ని భద్రంగా కట్టే వీలు లేదని డ్రైవరు ఒప్పుకోలేదు. బస్సు వెళ్లిపోయింది. రైలు తప్పిపోయింది.

బగ్గీ ముడవదట! మెక్‌లారెన్ పేటెంట్‌కు అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం. ముడుచుకోవడమే ప్రాణంగా పుట్టిన వస్తువు, వికలాంగులు పోరాడి తెచ్చుకున్న జాగాలో ముడవకుండా కూర్చుంది. అలాగని ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నిద్రపోయే బిడ్డ, సంచులు, కదులుతున్న బస్సు. ఆమె ఎదుట కూడా ఇంకో జాగా లేదు.

పాలీ బస్సు సంస్థ ఫస్ట్‌గ్రూప్ మీద కేసు వేశాడు. లీడ్స్ కోర్టు 5,500 పౌన్ల పరిహారం ఇచ్చింది. అప్పీలు కోర్టు కొట్టేసింది. 2017 జనవరి 18న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులతో తీర్పు చెప్పింది. డ్రైవరు ఒకసారి అడిగి చేతులు దులుపుకుంటే చాలదు, అడ్డం ఉన్నవాళ్లు సబబు లేకుండా మొండికేస్తున్నారనిపిస్తే గట్టిగా చెప్పాలి, అవసరమైతే కొన్ని నిమిషాలు బస్సు ఆపి అయినా ఒప్పించాలి అంది. అయితే జరగనివాళ్లను దించేయాలని మాత్రం అనలేదు. పరిహారమూ తిరిగి ఇవ్వలేదు. సిగ్గుపడేలా చేసి జరపమనడమే ఆ తీర్పు సారం. అత్యున్నత న్యాయస్థానం చివరికి మర్యాద దగ్గరే ఆగిపోయింది.

జపాన్‌లో ఇంకో దారి తొక్కారు. కిక్కిరిసిన రైళ్లలో స్ట్రోలర్ తెరిచి నిలబడడం మొరటుతనమని ఒక వర్గం, పసిపిల్లను ఎత్తుకుని, సంచి తగిలించుకుని, బండి ముడిచి పట్టుకోవడం ప్రమాదమని ఇంకో వర్గం ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. 2014లో అక్కడి రవాణా మంత్రిత్వ శాఖ స్ట్రోలర్ గుర్తు ఒకటి ప్రవేశపెట్టి, రైల్లో, బస్సులో ముడవకుండానే ఎక్కవచ్చని చెప్పింది. చిరాకు చూపులు ఆ గుర్తుతో మాయమైపోతాయని నేను నమ్మను. కానీ తల్లి ఇక క్షమాపణ చెప్పుకుంటూ ఎక్కనక్కర్లేదు. అది తక్కువేమీ కాదు.

మన సంగతి? మనకు బండి కంటే చంకే దగ్గర. అయినా స్ట్రోలర్ మనకూ వచ్చింది, కాకపోతే మాల్‌కూ గేటెడ్ కమ్యూనిటీకే పరిమితం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆరు నెలలు మనవడి స్ట్రోలర్ నెట్టి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఎడమవైపు నడిచే అలవాటు కొద్దీ అక్కడ ఎదుటివాళ్లకు అడ్డం పడి, నాలుగు రోజుల్లో కుడికి సర్దుకున్నవాళ్లే. అదే స్ట్రోలర్‌ను సూట్‌కేసుతో పాటు తెచ్చుకుంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది అటక ఎక్కుతుంది. ఇక్కడ ఫుట్‌పాత్ మీద స్ట్రోలర్‌కూ పాదచారికీ పేచీ రాదు. ఇద్దరూ రోడ్డు మీదే నడుస్తారు కదా! బాట మీద ట్రాన్స్‌ఫార్మరు, బజ్జీల బండి, వరసగా బైకులు. కొన్నిచోట్ల బాట ఎత్తు మోకాలి దాకా.

నియమాలు లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. 1.8 మీటర్లంటే ఒక స్ట్రోలర్, ఎదురుగా ఒక చక్రాల కుర్చీ తగలకుండా దాటుకోగలిగిన జాగా. 2025 మేలో మన సుప్రీంకోర్టు, ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుల హక్కేనని, వికలాంగులకు కూడా పనికొచ్చేలా వాటిని ఉంచాలని రాష్ట్రాలకు చెప్పింది.

మీ కాలనీలో ఈ 1.8 మీటర్లు ఎక్కడైనా ఉన్నాయేమో టేపు పట్టుకుని ఒకసారి కొలవండి. లేకపోతే వార్డు ఆఫీసులో కాగితం మీద రాసి ఇవ్వండి. ఫుట్‌పాత్ చివర వాలు ఉన్నచోట మాత్రం, రెండు నిమిషాల పనే అయినా, మీ స్కూటర్ పెట్టకండి.